స్కీయింగ్ స్వయంశిక్షణ – 5వ పాఠం: షమొనీ లోయలో మీకు తగిన వాలు ఏది?

గత పాఠంలో స్నోప్లౌ మలుపులు, అంటే స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనుక కొనలు దూరంగా పెట్టి తిరగడం నేర్చుకున్నాం. వాటితో ఎక్కడికి వెళ్లవచ్చో ఫ్రాన్స్‌లోని షమొనీ లోయను తీసుకుని చూద్దాం. 1924లో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగింది ఇక్కడే.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. స్కీ ప్రాంతాలు లోయ పొడవునా విడివిడిగా ఉంటాయి. బ్రెవాన్, ఫ్లెజేర్‌లను ఒక రోప్‌వే కలుపుతుంది గానీ, తక్కినవాటి మధ్య బస్సో రైలో ఎక్కాల్సిందే. పొద్దున తప్పు చోటికి వెళ్తే సగం రోజు దారిలోనే పోతుంది. అందుకే ఎంపిక ముందురోజు రాత్రే జరగాలి.

దానికంటే ముందు చిన్న పరీక్ష. బాగా తక్కువ వాలు మీద వరుసగా 10 మలుపులు తిరగండి. పదో మలుపులోనూ మొదటి మలుపు వేగమే ఉండాలి. తర్వాత ముందే అనుకున్న చోట ఆగాలి. ఎక్కువమందికి ఒక వైపు మలుపు బాగా వస్తుంది, రెండోది జారిపోతుంది. భయంతో ఒళ్లు కొండవైపు వాల్చడమే కారణం. అలా వాలితే బరువు లోపలి స్కీ మీదికి పోతుంది, బయటి స్కీ అంచు మంచును పట్టుకోదు. ఎడమకు తిరిగేటప్పుడు బయటి స్కీ కుడిది. కుడిచేత్తో కుడి మోకాలిని తాకుతూ తిరగండి, బరువు దానంతటదే సరైన చోటికి వస్తుంది.

ఈ పరీక్ష నెగ్గేదాకా మీ చోటు లోయ చివరనున్న ల టూర్. కింద వొర్మేన్ అనే అభ్యాస వాలు ఉంది. అది సులువయ్యాక లిఫ్ట్‌లో 1,850 మీటర్ల ఎత్తున్న షారమియోన్‌కు, అక్కడి నుంచి బాల్మ్ వైపు నీలం దారులకు వెళ్లండి. ఫ్రాన్స్‌లో దారుల కష్టాన్ని ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అనే వరుసలో చెబుతారు. అయితే పొద్దున్నే మంచు గడ్డకట్టి ఉంటే నీలం దారి కూడా ఎరుపంత కష్టపెడుతుంది.

బాల్మ్ పైన చెట్లు లేవు. మబ్బు కమ్మితే నేల, ఆకాశం ఒకే తెలుపైపోతాయి, వాలు ఎటుందో కంటికి తెలియదు. అలాంటి రోజు ఈ లోయలోనే ఉన్న లెజూష్ అనే స్కీ ప్రాంతం మేలు. అక్కడ దారులు చెట్ల మధ్య నుంచి సాగుతాయి, కంటికి ఆనవాలు దొరుకుతుంది. లెజూష్‌లో ఒక పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. ‘వెర్ట్’ అంటే ఫ్రెంచిలో ఆకుపచ్చ. ఆ పేరున్న దారి మాత్రం ప్రపంచకప్ డౌన్‌హిల్ (అతివేగంగా కిందికి దిగే) పోటీలు జరిగిన నల్లదారి.

నీలం మీద తొణక్కుండా తిరుగుతూ, ఎరుపు మీద కూడా ఆగగలుగుతున్నారా? అయితే బ్రెవాన్–ఫ్లెజేర్‌కు రండి. ఎదురుగా మోం బ్లాన్ శిఖరం కనిపిస్తుంది, ఆ దృశ్యానికి సాటి లేదు. ఈ వాలు ఎండవైపు ఉంటుంది కాబట్టి మార్చి తర్వాత పొద్దున గట్టిగా, మధ్యాహ్నానికి బురదలా మారుతుంది. ఇక్కడ అసలు పొరపాటు సాయంత్రం జరుగుతుంది. రెండు చోట్లా ఊళ్లోకి దిగే దారులు నల్లవి. అలసిన కాళ్లతో వాటి జోలికి పోకండి, రోప్‌వేలోనే దిగండి. చివరి లిఫ్ట్ సమయం పొద్దునే చూసి పెట్టుకోండి.

ఆర్జాంతియేర్ ఊరి పైనున్న గ్రాన్ మోంతె అనే ప్రాంతం, ఎరుపు దారులను నిబ్బరంగా దిగేవారికి. వాయవ్యం వైపు ఉండటం వల్ల అక్కడ మంచు చాలాకాలం పొడిగా నిలుస్తుంది.

3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిదీ శిఖరం నుంచి సుమారు 20 కిలోమీటర్లు దిగే వాలె బ్లాన్ష్ గురించి చాలామంది అడుగుతారు. అది స్కీ దారి కాదు, హిమానీనదం. మంచు కింద లోతైన పగుళ్లుంటాయి, దారి గుర్తులుండవు. ఎరుపు దారులన్నీ ధీమాగా దిగగలిగేదాకా ఆ ఆలోచన వద్దు. ఆ తర్వాత కూడా పర్వత గైడ్ లేకుండా వెళ్లకండి.

పొగమంచులో చిక్కుకుంటే దారి పక్క కర్రలు చూడండి. పైకొన నారింజ రంగులో ఉన్నది దిగేవారికి కుడివైపు కర్ర. వాటి మీది అంకెలు కిందికి పోయేకొద్దీ తగ్గుతాయి. ఎవరైనా గాయపడితే వారికి కాస్త పైన రెండు స్కీలు X ఆకారంలో గుచ్చి, 112కు ఫోన్ చేసి దారి పేరు, దగ్గరి కర్ర అంకె చెప్పండి.

ఈ వారం అభ్యాసం: మోకాలు తాకే మలుపులు రోజూ 20, బలహీనమైన వైపు మరో 10. వచ్చే పాఠంలో స్కీలను సమాంతరంగా ఉంచి తిరగడం.