టెక్నికల్ డైవింగ్‌కు మెయిన్ లైట్: కేబుల్ ఉన్నదా, లేనిదా?

టెక్నికల్ డైవింగ్‌కు, అంటే గుహల్లో, మునిగిన ఓడల్లో, ఎక్కువ లోతుల్లో చేసే స్కూబా డైవింగ్‌కు, మెయిన్ లైట్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ల్యూమెన్ల గురించే, అంటే ఎంత వెలుగిస్తుందని. ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. నీళ్లలో ఎంతసేపు ఉంటారు, రోజుకు ఎన్నిసార్లు దిగుతారు, ఎడమచేతికి ఇంకేం పనులున్నాయి అన్నవి తేలితే లైటు దానంతటదే తేలిపోతుంది.

ఫ్లోరిడా గుహల్లోనో, మెక్సికో యుకటాన్‌లోని సెనోటేల్లోనో (నేల కుంగి ఏర్పడిన నీటి గుంటలు) దిగేవాళ్లకు లైటు దారి చూపడమే కాదు, మాట్లాడుతుంది కూడా. గోడమీద వెలుగును నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే అంతా బాగుందని అర్థం. పక్కలకు గబగబా ఊపితే ఆపదలో ఉన్నామని. అందుకే బీమ్ (వెలుగు ధార) సన్నగా, 6 నుంచి 8 డిగ్రీల లోపల ఉండాలి. వీడియో లైట్లలా పరుచుకునే వెలుగు ఎన్ని వేల ల్యూమెన్లున్నా బడ్డీ (జతగా దిగే డైవర్) కంటికి సంకేతంగా ఆనదు. మసక నీళ్లలో అయితే తేలే మట్టి రేణువుల మీద పడి తిరిగి మన కళ్లలోనే కొడుతుంది.

కేబుల్ ఉన్నదాన్ని కెనిస్టర్ లైటు అంటారు, అందులో బ్యాటరీ ఒక డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బా నడుం బెల్టుకు, కుడి తుంటి దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి సుమారు మీటరు పొడవు కేబుల్ వచ్చి, ఎడమచేతి మీది గుడ్‌మన్ హ్యాండిల్‌లో (లైటును చేతి వెనకవైపు నిలిపే పిడి) ఉన్న లైట్ హెడ్‌కు కలుస్తుంది. కేబుల్ లేని లైటులో బ్యాటరీ, హెడ్, స్విచ్ అన్నీ ఒకే గొట్టంలో, అదే హ్యాండిల్‌లో చేతిమీదే ఉంటాయి.

ముందు లెక్క

ఇప్పటి ఎల్‌ఈడీ డైవ్ లైట్లు ఒక్కో వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తాయనుకుని లెక్క వేయండి. సన్న బీమ్‌లో 1500 ల్యూమెన్లు గుహకైనా మునిగిన ఓడకైనా ధారాళంగా సరిపోతాయి. అంటే 15 వాట్లు. బ్యాటరీ శక్తిలో పదో వంతు లోపలి సర్క్యూట్‌లోనే పోతుందని తీసేయండి. బ్యాటరీ పాతబడ్డాక మిగిలేది 80 శాతమే అనుకోండి. ఇక లైటు వెలగాల్సిన సమయం అనుకున్న డైవ్ సమయానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇంతకంటే తక్కువ పెట్టుకోవద్దు.

21700 సైజు మంచి లిథియం సెల్ ఒక్కోటి 5 ఆంపియర్-అవర్లు, 3.6 వోల్ట్‌లు, అంటే 18 వాట్-అవర్లు. రెండు సెల్లుండే కేబుల్ లేని లైటుకు 36 వాట్-అవర్లు. 15 వాట్ల మీద కొత్తలో సుమారు 2 గంటల 10 నిమిషాలు వెలుగుతుంది, పాతబడ్డాక 1 గంట 44 నిమిషాలు. మీ డైవ్ 70 నిమిషాలైతే కావాల్సింది 105 నిమిషాలు. సరిగ్గా అంచుమీద ఉన్నారన్నమాట. వెలుగును 1000 ల్యూమెన్లకు, అంటే 10 వాట్లకు తగ్గిస్తే పాత సెల్లతోనూ రెండున్నర గంటలు దాటుతుంది, ఒక డైవ్‌కు నిశ్చింత. ఒకే 21700 సెల్‌తో నడిచే లైటు 15 వాట్ల మీద కొత్తలోనే గంటకు కాస్త పైన. అది మెయిన్ లైటు ఆరితే వాడే బ్యాకప్‌కు బాగుంటుంది, మెయిన్ లైటుకు చాలదు.

ఇప్పుడు కెనిస్టర్. 3.4 ఆంపియర్-అవర్ల 18650 సెల్లు (కాస్త చిన్న సైజువి) ఆరు పెడితే 73 వాట్-అవర్లు. పాతబడ్డాక కూడా 15 వాట్ల మీద మూడున్నర గంటలు. అంటే 70 నిమిషాల డైవ్‌లు రెండూ, వాటి రిజర్వుతో సహా, మూత తెరవకుండా అయిపోతాయి.

మా దృష్టిలో కెనిస్టర్ అసలు బలం ఇదే. లైట్లలో నీళ్లు చేరేది ఎక్కువగా లోతు వల్ల కాదు, మూత తెరిచి మూసినప్పుడు పడే ఇసుక రేణువు వల్ల, వెంట్రుక వల్ల, ఎండిన ఉప్పు వల్ల. రెండు డైవ్‌ల మధ్య తడి చేతులతో, చెమట కారుతుండగా, సెనోటే గట్టుమీద బల్లపై సెల్లు మార్చడమంటే ఆ ప్రమాదాన్ని పిలిచి తెచ్చుకోవడమే. కేబుల్ లేని లైటుతో రెండు డైవ్‌లు చేయాలంటే రెండో లైటు పెట్టుకోండి, లేదా మధ్యలో మూత తీయకుండా తక్కువ వెలుగు మీద గడపండి.

డబ్బామీద రాసిన సమయాన్ని నమ్మి లెక్క వేయకండి. చాలా లైట్లు మొదటి కొన్ని నిమిషాల తర్వాత వేడెక్కి వెలుగును తమంతట తామే తగ్గించుకుంటాయి. మిగతా గంటలన్నీ ఆ తగ్గిన వెలుగు మీదే లెక్కపెట్టి రాస్తారు. ఇంట్లోనే పరీక్షించండి. పూర్తిగా ఛార్జ్ చేసిన లైటును బకెట్ నీళ్లలో నిలబెట్టి పైకప్పు మీదికి వెలిగించండి. నీళ్లు లేకుండా వెలిగిస్తే వేడికి ముందే తగ్గిపోతుంది, ఫలితం తప్పు వస్తుంది. గదిలో ఒకచోట ఫోన్ కదలకుండా పెట్టి, వెలుగు కొలిచే యాప్‌లో పది నిమిషాలకోసారి అంకె రాసుకోండి. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు. మొదటి పది నిమిషాల అంకెలో సగానికి ఎప్పుడు పడిందో చూడండి, మీ లైటు నిజమైన ఆయుష్షు అంతే. ఏడాదికోసారి ఇదే పరీక్ష మళ్లీ చేయండి.

సెల్లు కొనేటప్పుడు ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ (9.9 ఆంపియర్-అవర్లు) అని రాసిన 18650 సెల్లు అమ్ముతుంటారు. ఆ సైజులో మంచి సెల్ ఇచ్చేది 3500 చుట్టుపక్కలే. ఆ పెద్ద అంకె వేసుకున్నది నకిలీ. నీటి అడుగున మీ వెలుగును దానికి అప్పగించకండి. అతిగా ఛార్జ్ కాకుండా కాపాడే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న సెల్ కొన్ని మిల్లీమీటర్లు పొడవుగా ఉంటుంది, కొన్ని లైట్లలో మూత సరిగా బిగియదు. మీ లైటుకు ఏది పడుతుందో కొనకముందే కొలుచుకోండి.

కేబుల్ తెచ్చే పనులు

కేబుల్‌తో అసలు చిక్కు అది దేనికో తగులుకోవడం కాదు, లాంగ్ హోస్‌ను, అంటే ఆపదలో బడ్డీకి గ్యాస్ అందించే పొడవాటి గొట్టాన్ని, అడ్డుకోవడం. 2.1 మీటర్ల లాంగ్ హోస్ వీపు మీది సిలిండర్ల కుడి వాల్వ్ నుంచి దిగి, కెనిస్టర్ కింద నుంచి వచ్చి, ఛాతీ మీదుగా ఎడమ భుజానికి ఎక్కి, మెడ వెనక నుంచి నోటికి వస్తుంది. కేబుల్ కూడా అదే కుడి తుంటి నుంచి ఎడమచేతికి అడ్డంగా వెళ్తుంది. గ్యాస్ అయిపోయిన బడ్డీకి రెగ్యులేటర్ (ఊపిరి పీల్చే నోటి పరికరం) ఇచ్చే క్షణంలో కేబుల్ హోస్‌కు పైన ఉంటే హోస్ విప్పుకోదు. అందుకని కేబుల్ ఎప్పుడూ కింద, ఒంటికి ఆనుకుని, హోస్ దానికి పైన. దిగేముందు ప్రతిసారీ లాంగ్ హోస్‌ను పూర్తిగా చాపి, బడ్డీకి అందించినట్టు చేసి చూసుకోండి. లైటును కుడి ఛాతీ పట్టీ మీది డీ-రింగ్‌కు (D ఆకారపు లోహపు కడియం) తగిలించి ఆపేసినప్పుడు కూడా ఇదే పరీక్ష. అప్పుడు మిగిలిన కేబుల్ వేలాడకుండా బెల్టులోకి దోపండి.

అదనపు గ్యాస్ ఉండే స్టేజ్ సిలిండర్లు ఎడమవైపు ఉంటాయి కాబట్టి వాటిని తగిలించేటప్పుడు కేబుల్ క్లిప్‌కూ డీ-రింగ్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. తగిలించేముందు లైట్ హెడ్‌ను కుడిచేతికి మార్చండి, తగిలించాక ఎడమచేతిని పూర్తిగా ముందుకు చాపండి. చెయ్యి చాచడానికి వస్తే కేబుల్ స్వేచ్ఛగా ఉన్నట్టే. గేజ్ చూసేటప్పుడు, ఇన్‌ఫ్లేటర్ (తేలడానికి ఉండే సంచిలో గాలి నింపే గొట్టం) ఎత్తేటప్పుడు ఎడమచెయ్యి కదిలి వెలుగు ఎటో తిరుగుతుంది. వెనకున్న బడ్డీ దాన్ని సంకేతమనుకుంటాడు. ఇది రెండు రకాల లైట్లకూ ఉన్న ఇబ్బందే. మణికట్టు తిప్పకుండా మోచేతితోనే పని కానిచ్చే అలవాటు కొలనులోనే చేసుకోండి.

కేబుల్ పాడయ్యేది మధ్యలో కాదు, రెండు కొసల్లో, అది డబ్బాలోకి, హెడ్‌లోకి దూరే చోట. కేబుల్ పట్టుకుని లైటు ఎత్తడం, డబ్బాకు బిగుతుగా చుట్టి సంచిలో పెట్టడం వల్ల అక్కడ రబ్బరు పగులుతుంది. అరచేతి వెడల్పుకన్నా చిన్న చుట్టలు చుట్టకండి. నెలకోసారి ఆ రెండు చోట్లా వేళ్లతో వంచి, పగుళ్లు కనిపిస్తాయేమో చూడండి. స్విచ్ మీది రబ్బరు టోపీ కూడా ఎండకు పెళుసవుతుంది. చాలా మోడళ్లకు కేబుల్ మార్చాలంటే తయారీదారుకే పంపాలి, కొనేముందు ఆ సౌకర్యం ఎక్కడుందో అడిగి తెలుసుకోండి.

కేబుల్ లేని లైటుకు ఈ గొడవలేవీ లేవు. దాని బరువంతా చేతిమీదే. అరకిలో దాటిన లైటును మెత్తని హ్యాండిల్‌లో రెండు గంటలు మోస్తే మణికట్టు అలసి బీమ్ కిందికి వాలుతుంది. పట్టుకుని చూడకుండా కొనకండి, తొడుక్కునే గ్లవ్ వేసుకునే పట్టుకోండి. పక్కలకు సిలిండర్లు కట్టుకునే సైడ్‌మౌంట్‌లో తుంటి దగ్గర చోటు ఇరుకు కాబట్టి కేబుల్ లేని లైటు హాయిగా అమరుతుంది. రీబ్రీదర్‌తో (వదిలిన ఊపిరిని శుద్ధిచేసి మళ్లీ పీల్చుకోనిచ్చే పరికరం) మూడు నాలుగు గంటలు ఉండేవాళ్లకు, నీటి అడుగున లాక్కెళ్లే మోటారు స్కూటర్ మీద దూరం వెళ్లేవాళ్లకు కెనిస్టరే సరి. స్వీడన్, బ్రిటన్ లాంటి చోట్ల చల్లని చెరువుల్లో దిగే మనవాళ్లకు ఇంకో కారణం ఉంది. 5 డిగ్రీల నీటిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది, పైగా వేడినిచ్చే చొక్కాకు కూడా కెనిస్టర్ నుంచే కరెంటు తీసుకోవచ్చు, అందుకు తగిన కనెక్టర్ ఉంటే. యుకటాన్‌లో 25, ఫ్లోరిడాలో 22 డిగ్రీల నీళ్లు, అక్కడ ఈ చింత లేదు. అండమాన్‌లో అసలే లేదు.

టెక్నికల్ కోర్సు ఇప్పుడే మొదలుపెట్టి, డైవ్‌లు గంటన్నర లోపే ఉంటే రెండు సెల్లుండే, కేబుల్ లేని మంచి లైటు కొనండి, 70 నిమిషాలు దాటే డైవ్‌లో దాన్ని 1000 ల్యూమెన్ల మీద వాడండి. మిగిలిన డబ్బు రెండు నమ్మకమైన బ్యాకప్‌లకు పెట్టండి. గుహ డైవింగ్‌లో మూడు లైట్ల నియమం (ఒక మెయిన్, రెండు బ్యాకప్‌లు) దేన్ని కొన్నా మారదు. ప్రతి ఒక్కటీ ఆ డైవ్ మొత్తానికి సరిపడా వెలగాలి, ఒక్కటి ఆరినా వెనుదిరగాలి.

మెయిన్ లైటు ఆరిపోతే ఇదే వరుస: బ్యాకప్‌ను డీ-రింగ్‌కు ఉండగానే వెలిగించండి, తర్వాతే విప్పండి. బడ్డీకి సంకేతం ఇవ్వండి. చెడిన లైటు స్విచ్ ఆపేసి తగిలించండి, లేకపోతే అది మధ్యలో మళ్లీ వెలిగి ఎవరి కళ్లలోనో కొడుతుంది. ఆ తర్వాత గుహలో దారికోసం కట్టిన తాడు పట్టుకుని బయటికి.

కొన్నాక

కొత్త లైటును మొదటిసారి బ్యాటరీ లేకుండా దించండి. లోపల టిష్యూ కాగితం పెట్టి, మూసి, తాడు కట్టి పడవ మీదినుంచి మీరు వెళ్లే లోతుకు వదలండి. పది నిమిషాల తర్వాత తీసి, పైన ఆరబెట్టి తెరవండి. కాగితం తడిస్తే తయారీదారుకు తిప్పి పంపండి. ఓ-రింగ్‌కు (మూతలోంచి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగు) గ్రీజు మెరుపు కనిపించేంత చాలు, ముద్దగా పూస్తే ఇసుక అంటుకుంటుంది.

నీళ్లు చేరిన లిథియం లైటును గబుక్కున తెరవకండి. లోపల వాయువు ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. స్విచ్ ఆపి, ముఖానికి దూరంగా, మనుషులు లేని ఆరుబయట పెట్టండి. వేడి తగ్గాక, మూత ఎవరివైపూ లేకుండా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఆ సెల్లను మళ్లీ ఛార్జ్ చేయకూడదు.

ఛార్జర్ వోల్టేజ్ సరిచూడండి. మూడు సెల్ల వరుసకు 12.6, నాలుగింటికి 16.8. కనెక్టర్ ఒకేలా ఉందని ఒకదానిది ఇంకోదానికి పెడితే మంటే. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ బోటు రాత్రిపూట తగలబడి 34 మంది చనిపోయారు. మంట ఎక్కడ మొదలైందో విచారణలో కచ్చితంగా తేలలేదు. అయినా పడవలో అందరూ నిద్రపోయాక బ్యాటరీలు ఛార్జ్‌లో వదిలే అలవాటు ఎవరికీ ఉండకూడదు. చాలా బోట్లలో ఇప్పుడు దానికి కాపలా ఉన్న చోటు వేరుగా కేటాయిస్తున్నారు.

విమానంలో 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీకి ఎయిర్‌లైన్స్ అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ముందే అనుమతి తీసుకోవాలి, అలాంటి విడి బ్యాటరీలు రెండే. 160 దాటితే ప్రయాణికుడు తీసుకెళ్లడానికి లేదు. విడి సెల్లు ఏవైనా చేతిసంచిలోనే, ఒక్కోటి విడిగా ప్లాస్టిక్ డబ్బాలో. పైన చెప్పిన 18650 సెల్లు ఎనిమిది పెట్టిన కెనిస్టర్ 98 వాట్-అవర్లకు ఆగుతుంది, తొమ్మిది పెడితే 110. హైదరాబాదు నుంచి యుకటాన్‌లోని కాన్‌కూన్ దాకా మూడు విమానాలు మారేవాళ్లు ఎనిమిది సెల్లది కొనుక్కోవడం మంచిది. హెడ్‌ను బ్యాటరీ నుంచి విడదీసి సర్దండి, సంచిలో పొరపాటున వెలిగితే ఆ వేడికి బట్టలు కాలతాయి. కెనిస్టర్ మూతను వదులుగా వదలండి, పైన ఒత్తిడి తగ్గినప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి. వాట్-అవర్ల అంకె డబ్బామీద అచ్చయి లేకపోతే తయారీదారు స్పెసిఫికేషన్ కాగితం తోడుంచుకోండి, భద్రతా తనిఖీలో అడిగేది ఆ అంకెనే.