బంద గట్టున ఇల్లు తీసుకున్నారా?

పెందుర్తి వైపు మా బంద (చెరువుని మేం అలాగే అంటాం) గట్టుకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అడిగేది ఒకటే. "పిన్నిగారూ, ఈ దోమలతో ఎలా వేగుతున్నారు?" బందని తిట్టేముందు ఓసారి మీ డాబా ఎక్కి చూడండి. పగలు కుట్టే డెంగీ దోమ గుడ్లు పెట్టేది బందలో కాదు, కుండీ కింది పళ్ళెంలో, పాత టైరులో, ఫ్రిజ్ వెనక ట్రేలో. వారం పది రోజుల్లో ఆ గుడ్డు దోమై ఎగిరిపోతుంది. కాబట్టి వారానికోసారి అన్నీ బోర్లించండి. నీళ్ళు పారబోస్తే చాలదు, లోపలి అంచుల్ని పీచుతో తోమాలి. అక్కడ అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, మళ్ళీ తడి తగిలితే పొదుగుతాయి.

బందలో అసలు పని గుర్రపుడెక్కది. దాని వేళ్ళని పట్టుకుని గాలి పీల్చుకునే దోమపిల్లలు కొన్ని ఉన్నాయి. ఎండా నీరూ కుదిరితే డెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఊదా పువ్వు ముచ్చటగానే ఉంటుంది గానీ పూతకి ముందే లాగెయ్యండి, విత్తనం బురదలో చేరితే ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటుంది. వెదురుగడకి కొక్కెం కట్టి గట్టు మీంచే లాగాలి, బురదలోకి దిగొద్దు. డెక్కని ఎరువు చేసుకునేటట్టయితే వేళ్ళు కత్తిపీట మీద కోసి పక్కన పెట్టెయ్యండి; నీళ్ళలోని లోహాలు ఎక్కువగా చేరేది వాటిలోనే. ఫ్యాక్టరీ నీళ్ళో మురుగుకాలవో కలిసే చెరువైతే ఆ డెక్క కూరమడికి అసలే వద్దు.

డెక్క తొడిమ విరిచి చూడండి, లోపలంతా స్పాంజిలా గాలి గదులే, నొక్కితే టప్పుమంటుంది. మొక్కలో 90 శాతానికి పైగా నీళ్ళే, అందుకే గంపెడు ఎండబెడితే మిగిలేది కాస్తే. బాగా వాడిపోయాక ఎరువుగుంటలో ఒక వరస డెక్క, ఒక వరస పేడ, పైన కాస్త మట్టి. అప్పుడప్పుడూ తిరగెయ్యాలి. నల్లబడి, పొడిపొడిగా అయి, మట్టి వాసన వచ్చాక ఆనపపాదు మొదట్లో వెయ్యండి. మా ఆనపపాదు గోడెక్కి పక్కింట్లో కాస్తుంది, కాయలు వాళ్ళవే. ఆ మాట ముందే అనేసుకుంటే గొడవుండదు.

పూజపూలు కవరుతో సహా బందలోకి విసిరేవాళ్ళతో పోట్లాడకండి. "వదినా, ఆ పూలు నాకియ్యండి, ఎరువుగుంటలో వేస్తాను" అంటే ఇచ్చేస్తారు, కవరు కూడా చేతికొస్తుంది. చవితికి మట్టి వినాయకుణ్ణి బకెట్లోనే నిమజ్జనం చేసి ఆ మట్టి కుండీల్లో పోసుకోవచ్చు.

మునగచెట్టు కొమ్మ పెళుసు. ఇంటికీ కరెంటు తీగకీ దూరంగా పెట్టి, తుఫాన్ల రోజులు రాకముందే కొమ్మలు కొట్టించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

కుక్క ఉంటే దానికి బంద స్వర్గం, దాన్ని కాపలా కాసే పని మీది. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, మనుషులకీ వస్తుంది. కుక్కకి ఏటా టీకా వేయించండి, కాలికి పుండుంటే మీరు నీళ్ళలో దిగకండి. వేసవిలో నీటి మీద పచ్చటి తెట్టు కడితే కుక్క గొలుసు విప్పొద్దు, ఆ నీళ్ళు తాగితే ప్రాణానికే ముప్పు. ఈదొచ్చాక చెవులు పొడిగుడ్డతో తుడిచి, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకాలి. గట్టున ఏ పాము కనబడినా కర్ర తియ్యకండి, కుక్కని లోపలికి లాగి దూరం జరగండి.

అక్వేరియం చేపలు, తాబేళ్ళు విసుగొచ్చి బందలో వదలకండి. అమ్మిన కొట్టువాడికే తిరిగివ్వండి. తీసుకోనంటే అడిగిన పిల్లలకి తొట్టెతో సహా ఇచ్చెయ్యండి, వాళ్ళమ్మని అడిగాకే.