ఆట చూసే కన్ను – 3వ పాఠం: కాగితం మీద గీయగలిగే లోకం

ముందు పోయిన పాఠం ఇంటిపని సంగతి చూద్దాం. వీడియో గేములో ఒకే శత్రువుతో ఇరవైసార్లు తలపడి, చచ్చిన ప్రతిసారీ "తప్పు నాదా, ఆటదా" అని ఒక్క మాట రాసుకోమన్నాను. మీ కాగితం మీద "నాదే" ఎక్కువగా ఉంటే ఆ ఆటలో పోరాటం బాగా కుదిరిందని లెక్క. శత్రువు చెయ్యెత్తడం మీకు కనబడింది, పక్కకి దొర్లడానికి వ్యవధీ ఉంది, మీరే తొందరపడ్డారు. "ఆటదే" అని ఎక్కువగా ఉంటే మాత్రం వెంటనే తీర్పు ఇచ్చెయ్యకండి, కంట్రోలర్ మార్చి ఇంకోసారి చూడండి. అరిగిపోయిన బటన్ చేసిన పాపానికి నేనొక మంచి ఆటని రెండేళ్లు తిట్టుకున్నాను.

దెబ్బల సంగతి అంతటితో వదిలేద్దాం. ఈసారి పాఠం దారి గురించి.

మాయలు, రాక్షసులు ఉండే సాహసం ఆటలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కత్తి. కానీ గడియారం పెట్టుకుని లెక్కేస్తే మనం కత్తి తిప్పే సమయంకన్నా నడిచే సమయమే ఎక్కువ ఉంటుంది. ఎక్కుతాం, దిగుతాం, తలుపు ఎటుందో వెతుకుతాం. ఆ నడక బాగులేకపోతే ఎంత మంచి పోరాటమైనా పదో గంటకి విసుగొస్తుంది. మరి నడక బాగుందో లేదో తేల్చేదెలా? దానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. దాన్ని నేను కనిపెట్టలేదు, మా మేనల్లుడి నోట్‌బుక్‌లో దొరికింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా అప్ప వాళ్లది ఉద్దానంలో ఒక ఊరు. రోడ్లకి అడ్డంపడ్డ చెట్లు తీశాక కొవ్వొత్తులు, నీళ్ల టిన్నులు, మందులు పట్టుకుని శ్రీకాకుళం నుంచి వెళ్లాను. కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. మా మేనల్లుడు అప్పుడు ఇంటర్. లాప్‌టాప్ చార్జింగ్ అయిపోయి మూల పడేసుంది. అరుగు మీద కూర్చుని రూళ్ల నోట్‌బుక్‌లో ఏదో గీస్తున్నాడు.

"ఏట్రా అది?"

"లోర్డ్రన్, మావయ్యా."

డార్క్ సోల్స్ అనే ఆటలో లోకం పేరది. 2011లో వచ్చిన ఆట. మెరుగులు దిద్దిన కూర్పు ఆ తుపాను ఏడాదే, 2018లో వచ్చింది. దాన్ని ఆడినవాళ్లకి తెలుసు, అందులో మ్యాప్ లేదు. ఏ మూలా చిన్న గుండ్రటి పటం కూడా కనబడదు. అయినా మావాడు రెండు పేజీలు కలిపి కోటగోడ, గంట ఉన్న గుడి, దానికింద ఊరు, సమాధుల దిబ్బ, లిఫ్టు, అన్నీ గీశాడు. కొలతలు తప్పే గానీ ఏది దేనికి పైన, ఏ మెట్లు ఎక్కడ తేలతాయి అన్నది మాత్రం ఒక్కటీ తప్పలేదు.

"ఆటలో మ్యాప్ లేదు కదా, బుర్రలో ఉండిపోనాది," అన్నాడు.

ఆ సాయంత్రమే తోట చూసొద్దామని బావ, వాడు, నేను బయల్దేరాం. వాడు పుట్టినప్పట్నుంచి తిరిగిన దారి. కొంత దూరం పోయాక వాడు నిలబడిపోయాడు. కొబ్బరిచెట్లన్నీ ఒకవైపుకి పడున్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. "తోట ఎక్కడ మావయ్యా?" అని నన్నడిగాడు. బావ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చాడు. అంతవరకూ వాళ్లకి దారి అంటే ఒంగిన పనసచెట్టు దగ్గర ఎడమకి, జంట కొబ్బరిచెట్ల మధ్య నుంచి తిన్నగా. పనసచెట్టు లేదు, జంట చెట్లూ లేవు. దాంతో సొంత తోటే తెలియకుండా పోయింది.

ఈ పాఠంలో మీరు పట్టుకోవాల్సిన మాట ఒకటే: ఆనవాలు.

దారి మన బుర్రలో గీతలా ఉండదు, ఆనవాళ్ల వరసలా ఉంటుంది. ఆడదగ్గ ఆట మనకి ఆనవాళ్లు ఇస్తుంది. ఆడకపోయినా ఏమీ పోని ఆట బాణం గుర్తు ఇస్తుంది.

తేడా ఎంతుంటుందో కూడా మావాడి దగ్గరే చూశాను. ఉద్యోగంలో చేరాక వాడొక పెద్ద ఆట డిస్కౌంటులో కొన్నాడు. దాని పేరు చెప్పను. లోకం చాలా పెద్దది, చూడ్డానికి బొమ్మలు బ్రహ్మాండం. నలభై గంటలు ఆడానన్నాడు. కాగితం ఇచ్చి గీయమన్నాను. ఒక కోట గీసి, పక్కన నది గీసి, ఆగాడు. "మొదలెట్టిన ఊరు ఎటుంది?" అంటే తల గోక్కున్నాడు. "పసుపు గీత ఎటు పోతే అటు పోనాను మావయ్యా, సూళ్లేదు." నలభై గంటలు వాడు చూసింది స్క్రీను మూల ఉన్న రూపాయి బిళ్లంత పటాన్ని. మిగతా స్క్రీనంతా వాడికి గోడకి వేసిన సున్నంతో సమానం.

ఇక దూరపు ఆనవాలు ఎలా పనిచేస్తుందో చూద్దాం. విజయనగరం పైడితల్లమ్మ పండగ మీలో చాలామంది చూసే ఉంటారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను తిరుగుతుంది. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుంటారు. అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తుంది. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఎటు తిరిగినా తలలే. అయినా తప్పిపోతామన్న భయం ఉండేది కాదు. అంతమంది తలల పైన మాను కొస కనబడుతూనే ఉండేది. అది కదిలితే కళ్లన్నీ కదిలేవి, అది మేడ చాటుకి పోతే జనం మెడలు సాచేవారు.

ఆ సాచిన మెడలో ఉంది కిటుకు. ఎప్పుడూ కనబడుతూనే ఉంటే మనం దాన్ని పట్టించుకోం. అసలు కనబడకపోతే తెలీనే తెలీదు. కాసేపు దాక్కుని మళ్లీ కనబడేదే మనల్ని లాగుతుంది.

2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే ఆట తయారు చేసిన నింటెండో వాళ్లు అదే ఏడాది జపాన్‌లో జరిగిన ఒక సదస్సులో ఈ సంగతి విప్పి చెప్పారు. వాళ్లు నేలని త్రిభుజాలతో కట్టారు. కొండైనా, దిబ్బైనా, బండరాయైనా కింద వెడల్పు, పైన మొన. త్రిభుజం రెండు పనులు చేస్తుంది. మొదటిది, వెనక ఉన్నదాన్ని దాచుతుంది. రెండోది, ఆడేవాడి ముందు ప్రశ్న పెడుతుంది: ఎక్కి పోతావా, చుట్టూ పోతావా? ఎక్కితే అవతల ఇంకోటి కనబడుతుంది. చుట్టూ పోతే నడిచేకొద్దీ అది మెల్లగా బయటపడుతుంది. మీరు గుడికని బయల్దేరతారు, మధ్యలో కొండ వెనక పొగ కనబడుతుంది, అటు మళ్లుతారు. గంటయ్యాక గుడి గుర్తొస్తుంది. ఎవరూ మిమ్మల్ని తోయలేదు. అన్నీ మీ నిర్ణయాలే అనిపిస్తుంది, నిజానికి సగం వాళ్లవి.

ఆ ఆటలో మ్యాప్ ఉంది, అదేమీ తప్పు కాదు. చూడాల్సింది ఆ మ్యాప్ ఏం చేస్తుందన్నది. ఎత్తైన బురుజు ఎక్కితే కొండలు, నదులు గీసున్న పటం వస్తుంది. అక్కడ ఏముందో మాత్రం చాలావరకు అది చెప్పదు. మీరే దుర్భిణిలో చూసి, మీరే గుర్తు పెట్టుకోవాలి. చెరువు గట్టు మీద నిలబడి "అదిగో, ఆ తాటిచెట్ల వెనక" అని వేలు చూపించుకోవడం లాంటిది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ అనే ఆటలో దూరపు ఆనవాలుగా పనిచేసేది బంగారు చెట్టు. నేల మీద దాదాపు ఎక్కణ్నుంచైనా కనబడుతుంది. సిరిమానంత దోబూచులాడదు గానీ, తూర్పు పడమరలు మర్చిపోయినవాడికి ఊతం.

ఇంకో పద్ధతి నోటిమాట. 2002లో వచ్చిన మోరోవిండ్ అనే ఆటలో ఎక్కడికి పోవాలో బాణం చూపించదు. "ఫలానా వంతెన దాటి, ఉత్తరానికి పోయి, రెండో చీలిక దగ్గర తిరుగు" అని మనుషులు చెబుతారు. మన పల్లెల్లో దారి అడిగినట్టే. అప్పుడప్పుడూ ఆ చెప్పినవాడి మీద ఒళ్లు మండుతుంది కూడా. అది మన దగ్గరా ఉన్నదే.

దారి పెట్టే శిక్ష కూడా ఆనవాలే. డార్క్ సోల్స్‌లో లోర్డ్రన్ నడక ఫైర్‌లింక్ ష్రైన్ అనే చోట, ఒక నెగడు దగ్గర మొదలవుతుంది. అక్కణ్నుంచి ఒక దారి సమాధుల్లోకి పోతుంది. కొత్తవాడు అటు పోతే అస్థిపంజరాలు లేచి రెండు దెబ్బల్లో పంపించేస్తాయి. "ఇటు రావద్దు" అన్న బోర్డు లేదు, ఆ దెబ్బే బోర్డు. ఇంకోవైపు మెట్లెక్కి పోతే శత్రువులు మన శక్తికి సరిపడా ఉంటారు. పోయిన పాఠంలో దెబ్బ గురించి రాసుకున్నది ఇక్కడ పనికొస్తుంది. తప్పుదారి అని దెబ్బ చెబుతోందా, ఊరికే కొడుతోందా?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి, తిరిగి రావడం. అదే ఆటలో కోట దాటి, ఎన్నోసార్లు చచ్చి, గుడి దాకా ఎక్కుతారు. అక్కడ ఒక లిఫ్టు ఉంటుంది. ఎక్కి నిలబడితే కిందికి దిగుతుంది, దిగుతూనే ఉంటుంది. తలుపు దాటి బయటికొస్తే మొదలెట్టిన నెగడే. అంత దూరం వచ్చామనుకున్నది నిజానికి ఆ నెగడుకి నెత్తిమీదే ఉందన్నమాట. మావాడి నోట్‌బుక్‌లో ఆ లిఫ్టు గీతని పెన్నుతో మూడుసార్లు దిద్ది, కాగితం చిరిగేదాకా నొక్కాడు. ఏ ఆటైనా మిమ్మల్ని ముందుకే తోస్తూ, ఒక్కసారీ పాత చోటికి కొత్త వైపు నుంచి తీసుకురాకపోతే, దాని లోకం సినిమా సెట్టింగులాంటిది. ముందు గోడ ఉంటుంది, వెనక కర్రలుంటాయి.

మాయలు కూడా ఇక్కడే కొలవండి. చేతికొచ్చిన మంత్రం శత్రువుని ఇంకాస్త గట్టిగా కొట్టడానికేనా, లేక నిన్న దాటలేని అగాధాన్ని ఇవాళ దాటిస్తోందా? రెండోదైతే పాత కాగితంలో మీరు "ఇక్కడ ఏదో ఉంది, అందలేదు" అని రాసుకున్న చోటికి పరిగెడతారు. మొదటిదైతే అంకె పెరిగింది, అంతే.

ఇదంతా చదివి, ఒకటే దారి ఉండే ఆటలన్నీ చెత్త అనుకోవద్దు. పుణెలో తయారై 2020లో వచ్చిన రాజీ అనే ఆట చూడండి. తమ్ముణ్ని వెతుక్కుంటూ పోయే అమ్మాయి కథ, దుర్గ, విష్ణువు మాట్లాడుకుంటూ చెబుతారు. దారి ఒకటే, కెమెరా కూడా మన చేతిలో ఉండదు. తప్పిపోయే సరదా దాన్లో దొరకదు, అందుకు ఆడకండి. రాతిమేడలు, కుడ్యచిత్రాలు చూస్తూ నడవడానికి ఆడండి. 2005 నాటి షాడో ఆఫ్ ద కొలోసస్‌లో మైదానమంతా ఖాళీ, పోరాడేది పదహారు మహాకాయులతోనే. ఎండలో కత్తి ఎత్తితే వెలుగురేఖ దిక్కు చూపిస్తుంది, నీడలో చూపించదు. దిక్కు చెబుతుంది గానీ దారి చెప్పదు. ఆ ఖాళీలో గుర్రం మీద పోతున్నప్పుడు, ఇప్పుడు చంపొచ్చినదాని గురించి ఆలోచించకుండా ఉండలేం. అలా ఆలోచించడానికే ఆ ఖాళీ ఉంచారని నా నమ్మకం.

ఇంటిపని.

మీ దగ్గరున్న ఏ సాహసం ఆటైనా తీసుకోండి. ఫోన్‌లోదైనా పరవాలేదు, మనిషి నడిచే లోకం ఉంటే చాలు. సెట్టింగుల్లోకి వెళ్లి చిన్న పటం, బాణం గుర్తులు ఆపెయ్యండి. ఆపే వీలే లేకపోతే స్క్రీను మూల కాగితం ముక్క అంటించండి. నవ్వకండి, నేను అదే చేశాను. గంటసేపు ఆడండి. తర్వాత ఆట మూసేసి అన్నం తినండి. తిన్నాక తెల్లకాగితం మీద ఆ లోకాన్ని గీయండి. మధ్యలో ఆట తెరిచి చూడకూడదు.

గీసినదాన్ని దిద్దుకోవడం ఇలా. బొమ్మ అందంగా ఉందా లేదా మనకి అక్కర్లేదు. ఎన్ని చోట్లకి మీరే పేర్లు పెట్టారో చూడండి. "మూడుసార్లు పడిపోయిన వంతెన", "ముసలాడి గుడిసె" లాంటివి నాలుగైదు ఉంటే ఆ లోకం మీలోకి దిగినట్టే. రెండు చోట్ల మధ్య గీత గీయలేక ఆగిపోయారా? ఆగిన చోట చుక్క పెట్టండి. మర్నాడు ఆటలో అక్కడికే వెళ్లి నిలబడి చుట్టూ తిరిగి చూడండి. ఆనవాలు ఉండి మీరు గమనించలేదా, అసలు లేదా? దీనికి నిజాయితీగా జవాబు రాయండి. నా అనుభవంలో మొదటి రెండుసార్లు తప్పు మనదే అవుతుంది.

బాణం ఆపేశాక ఆట అసలు ముందుకే కదలకపోతే, ఎవరూ ఎటు పోవాలో చెప్పకపోతే, ఏ కొండా ఏ పొగా పిలవకపోతే, ఆ సంగతీ కాగితం మీద రాసి తేదీ వెయ్యండి.

వీలున్నవాళ్లు ఇంకో పని చెయ్యొచ్చు. ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం జిల్లాలోని శాలిహుండం కొండెక్కండి. ఫోన్ జేబులో ఉంచండి. వంశధార నది ఎక్కడ కనబడింది, ఎక్కడ దాక్కుంది, ఇటుక స్తూపాలు ఏ మలుపు దగ్గర బయటపడ్డాయి, దిగొచ్చాక గీయండి. ఆట కాగితం పక్కన ఈ కాగితం పెట్టుకుంటే నేను ఇంతసేపు చెప్పింది రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

4వ పాఠం శత్రువుల గురించి, ముఖ్యంగా చంపబుద్ధికాని శత్రువుల గురించి. ఈ కాగితాలు దాచుకోండి, వాటి మీద ఎవరు ఎక్కడ కాపలా ఉన్నారో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాల్సి ఉంటుంది.