హోరు మొదలయ్యే ముందు: ప్రయోగాత్మక రాక్ కచేరీలకు జాగ్రత్తలు

దసరా సందడి ముగిసి కార్తీకం వచ్చిందంటే విజయవాడ, గుంటూరుల్లో ఆరుబయట కచేరీల కాలం మొదలవుతుంది. కళాశాలల ఉత్సవాలు, డిసెంబరు 31 రాత్రి కార్యక్రమాలు, సంక్రాంతి సెలవుల వేడుకలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సినిమా పాటల ఆర్కెస్ట్రాల పక్కన సొంత బాణీలు కట్టుకునే రాక్ బృందాలకూ ఇప్పుడు చోటు దొరుకుతోంది. వాటిలో ఒక రకం బృందాల కోసం, వాటిని వినడానికి వెళ్లేవారి కోసం ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. ఇవాళ ఐదు నిమిషాల్లో ముగించిన పాటను వచ్చే నెల ఇరవై నిమిషాలు సాగదీసే బృందాలు, గిటార్ కీచుమనడాన్నే సంగీతంగా మలిచే బృందాలు, గుసగుసగా సాగుతూ ఒక్కసారిగా విరుచుకుపడే బృందాలు అవి. అలాంటి కచేరీలో తర్వాతి నిమిషం ఏమవుతుందో వాయించేవారికే పూర్తిగా తెలియదు. దాని అందమంతా అందులోనే ఉంది. కాబట్టే ముందుగా ఖాయం చేసుకోగలిగినవి, అంటే కరెంటు, శబ్దం స్థాయి, వేళ, చెవుల రక్షణ, మామూలు కచేరీకన్నా గట్టిగా ఖాయం చేసుకోవాలి. స్వరంలో సాహసం చేసేవారు వైర్ల దగ్గర చేయకూడదు.

మొదట వాతావరణం సంగతి. మనకు కచేరీల కాలం, తుపానుల కాలం కలిసే వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో ఆరుబయట వేదిక కట్టుకున్నవారు ఏం చేయగలరు? అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు తేదీ పెట్టుకుంటే ముందే ఒక ప్రత్యామ్నాయ తేదీనో, పైకప్పు ఉన్న హాలునో మాట్లాడి ఉంచండి. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, గుంటూరులో వెంకటేశ్వర విజ్ఞాన మందిరం వంటి హాళ్లు ఇలాంటప్పుడే అక్కరకు వస్తాయి. జల్లు పడ్డాక షామియానా కింద గడ్డి తడిగా ఉంటే, వాన ఆగిపోయింది కదా అని మొదలుపెట్టవద్దు. చెక్క వేదిక ఎత్తుగా, పొడిగా ఉందా, వైర్ల జాయింట్లు నేలకు తగలకుండా ఉన్నాయా చూసుకున్నాకే మెయిన్ వేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్త్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ అనే బృందపు గిటారిస్టు లెస్ హార్వే, సరిగా ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణాలు కోల్పోయాడు. నాలుగేళ్ల తర్వాత యార్డ్‌బర్డ్స్ అనే రాక్ బృందపు గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ షాక్ తగిలి మరణించాడు. ఇది పాతకాలపు సంగతని కొట్టిపారేయడానికి లేదు. అప్పటి ప్రమాదానికి కారణమైన పరిస్థితులన్నీ మన వేదికల మీద నేటికీ ఉన్నాయి.

ఎలా జరుగుతుందో చెబుతాను. గిటార్ తీగలు కేబుల్ గుండా యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. ఆ పెట్టె ప్లగ్గులోని మూడో పిన్ను ద్వారా భూమికి కలవాలి. ఆ పిన్ను తెగిపోయి, యాంప్ లోపల ఎక్కడైనా లీకేజీ ఉంటే, తీగల మీదికి కరెంటు వస్తుంది. చేతులు తీగల మీద ఉన్నంతసేపు ఏమీ తెలియకపోవచ్చు. పాడటానికి మైకు జాలీకి పెదవి ఆనిన క్షణాన, ఆ మైకు మిక్సర్ (మైకుల, వాద్యాల శబ్దాలన్నిటినీ కలిపే బల్ల) ద్వారా మరో ప్లగ్గు నుంచి భూమికి కలిసి ఉంటుంది కాబట్టి, కరెంటు మనిషి గుండా దారి చేసుకుంటుంది. పెదవికి జిల్లుమని తగిలితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. అది నవ్వాల్సిన విషయం కాదు. ఆ క్షణమే ఆపి, కారణం దొరికేదాకా వాయించకండి.

దీన్ని ముందే పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టండి. ఒక కొన గిటార్ తీగకు, రెండో కొన మైకు జాలీకి ఆనించండి. దాదాపు సున్నా రావాలి. పదులు, వందలు కనిపిస్తే రెంటినీ ఒకేసారి తాకకూడదు. యాంప్ ప్లగ్గు తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బోర్డు దగ్గర ఆయన చూడాల్సిన లెక్కలు ఇవి: ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య దాదాపు 230 వోల్టులు, ఫేజుకు ఎర్త్‌కు మధ్య కూడా ఇంచుమించు అంతే, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. వేదికకు వెళ్లే లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా అడగండి. కరెంటు భూమిలోకి లీకైతే క్షణంలో లైను ఆపేసే పరికరం అది. జనరేటర్ మీద నడిచే కచేరీలకైతే ఇంకా జాగ్రత్త కావాలి. జనరేటర్‌కు సొంతంగా ఎర్త్ కడ్డీ పాతారా, దాని న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపారా అని అద్దెకిచ్చినవారిని అడిగి కళ్లారా చూడండి. ఇవి లేకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా పనిచేస్తుందన్న భరోసా లేదు.

స్పీకర్లలో హమ్మింగ్ పోవడానికి ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. ప్రయోగాత్మక బృందాల దగ్గర గిటార్ శబ్దాన్ని మార్చే పెడళ్లు, కీబోర్డులు, ల్యాప్‌టాపులు పదుల సంఖ్యలో ఉంటాయి కాబట్టి కరెంటు నుంచి వచ్చే ఆ 50 హెర్ట్జ్ రొద ఎక్కువే వస్తుంది. ఒప్పుకుంటాను. దానికి మందు వేరే ఉంది. వేదిక మీది పరికరాలన్నిటినీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. రొద వచ్చే పరికరాన్ని డీఐ బాక్సు (వాద్యపు సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చి పంపే చిన్న పెట్టె) ద్వారా పంపి, ఆ పెట్టె మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. ఆ మీట సంకేతం వెళ్లే కేబుల్లోని గ్రౌండునే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి వెళ్లదు. గాయకుడే గిటార్ కూడా వాయించే బృందమైతే వైర్‌లెస్ మైకు తీసుకోవడం మేలు. ఎవరికైనా షాక్ తగిలితే వారిని చేత్తో పట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపాలి. అందుకే మెయిన్ స్విచ్ ఎక్కడుందో బృందంలో ప్రతి ఒక్కరికీ తెలియాలి. తర్వాత 108కి ఫోను చేయాలి, శ్వాస లేకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక ధ్వని. మన ఊళ్లలో సౌండ్ అద్దెకిచ్చేవారు పెళ్లిళ్లు, సభలు, ఆర్కెస్ట్రాలు చూసి చేయి తిరిగినవారు. వారి పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకో గిటార్‌లోకో వెళ్లి కీచుమనే ఫీడ్‌బ్యాక్ వారి దృష్టిలో తప్పు. కీచుమనగానే చేయి దానంతటదే శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీటను కిందికి లాగుతుంది. మీరు పది నిమిషాలు పెంచుకుంటూ వచ్చిన హోరు సరిగ్గా శిఖరం మీద చచ్చిపోతుంది. వెంటనే గిటారిస్టు యాంప్ పెంచుతాడు, మిక్సర్ దగ్గర మళ్లీ తగ్గిస్తారు, చివరికి వేదిక మీది శబ్దం అదుపు తప్పుతుంది. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, ముందుగా మాట్లాడుకోలేదు, అంతే. ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి: మొదటి పాటలో ఎనిమిదో నిమిషం తర్వాత గిటార్ కావాలనే కీచుమంటుంది, తగ్గించవద్దు, మూడో పాట మధ్యలో అంతా ఆగిపోతుంది, అది కరెంటు పోవడం కాదు, గాయని మైకు కీచుమంటే మాత్రం వెంటనే తగ్గించాలి. ఎక్కువ భాగం అక్కడికక్కడే అల్లుకునే బృందమైనా చేతి సైగలు నాలుగు ఖాయం చేసుకోవచ్చు.

సౌండ్ చెక్‌లో చాలా బృందాలు తమ మెత్తని పాట వాయించి సరిపెట్టుకుంటాయి. అన్నిటికన్నా పెద్ద శబ్దం వచ్చే భాగాన్నే అక్కడ వాయించాలి. మెయిన్ స్పీకర్లకు లిమిటర్, అంటే శబ్దాన్ని ఒక స్థాయి దాటనివ్వని పరికరం, పెట్టమని అడిగి, ఆ పెద్ద భాగం దానికి తగులుతోందో లేదో విని చూడాలి. అలా చేసుకుంటే తర్వాత ఎంత సాగదీసినా, ఎంత పెంచినా ఆ స్పీకర్ల శబ్దం ఒక గీత దాటదు.

వినేవారికి కూడా ఒక ముందస్తు పని ఉంది. రికార్డులో విన్నదే వేదిక మీద వినాలని వెళ్లవద్దు. న్యూయార్క్‌లో 1982లో మొదలైన స్వాన్స్ బృందాన్నే చూడండి. తొలి ఏళ్లలో నెమ్మదిగా, మోటుగా, భరించలేనంత పెద్దగా వాయించేవారు. గాయని జార్బో చేరాక మెత్తని గొంతులు, అకౌస్టిక్ వాద్యాలు వచ్చాయి. 1997లో ఆపేసి 2010లో మళ్లీ మొదలైనప్పుడు, ఒక్కో పాటను అరగంట దాకా పెంచుకుంటూ పోయే తీరు పట్టుకున్నారు. చాలా పాటలు ముందు వేదిక మీద పెరిగి, ఆ తర్వాతే రికార్డులోకి వెళ్లాయి. అలాంటి బృందం దగ్గరికి పాత ఆల్బం పట్టుకుని వెళ్తే నిరాశే మిగులుతుంది. బృందం ఈ ఏడాది చేసిన కచేరీ వీడియో ఏదైనా ఒకటి విని వెళ్లండి, ఎంతసేపు ఉంటుందో, ఎంత పెద్దగా ఉంటుందో ఒక అంచనా వస్తుంది. ఆలాపన విన్న చెవులకు ఇది అంత కొత్త కూడా కాదు. విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో మహతి రాగాన్ని కట్టి పాడిన మనిషి. దానిమీద వాదాలూ నడిచాయి. ప్రయోగాన్ని ఓపికగా విని, తర్వాత వాదించుకునే అలవాటు ఈ ఊరికి ఉంది.

చెవుల విషయంలో ఓపిక పనికిరాదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట మాత్రమే మిగులుతాయి. వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. రాక్ కచేరీలో స్పీకర్ల ముందు ఈ అంకె దాటడం మామూలే. పక్కవారి చెవిలో అరిస్తే తప్ప మాట వినబడకపోతే మీరు ప్రమాదపు గీత దాటారన్నమాట. మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బృందం తన కచేరీలకు వచ్చినవారికి ఇయర్‌ప్లగ్గులు పంచిపెట్టింది. టిక్కెట్టుతో పాటు ఒక జత ఇవ్వడం మన నిర్వాహకులకూ పెద్ద భారం కాదు. దయచేసి ఇవ్వండి.

మందుల దుకాణంలో దొరికే ఫోము ప్లగ్గులు చాలు, కాని పెట్టుకోవడం తెలియాలి. శుభ్రమైన వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. బయటికి వేలాడుతూ ఉంటే అది పెట్టుకున్నట్టు కాదు. ఫోము పై స్థాయి స్వరాలను ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి, తరచూ కచేరీలకు వెళ్లేవారు, వాయించేవారు సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్గులు కొనుక్కోవడం మంచిది. ఆరుబయట స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్ తగ్గుతుంది. మిక్సర్ బల్ల దగ్గర నిలబడితే చెవులకూ క్షేమం, వినికిడి కూడా అక్కడే బాగుంటుంది. పిల్లలను తీసుకువెళ్తే చెవులు పూర్తిగా మూసే ఇయర్‌మఫ్‌లు పెట్టండి, పసిపిల్లలను అసలు తీసుకువెళ్లకండి. వెలుగులు చకచకా ఆరి వెలిగే ప్రదర్శన ఉంటే, ఆ విషయం ద్వారం దగ్గరే బోర్డు మీద రాయాలి. కొందరు మూర్ఛ రోగులకు ఆ వెలుగు చేటు.

అనుమతి సంగతి చిన్నదే గాని దానివల్ల సగంలో ఆగిపోయే కచేరీలు ఉంటాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు, మీ తేదీ అందులో ఉందో లేదో కనుక్కోండి. నిశ్శబ్ద ప్రాంతాలుగా ప్రకటించిన ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల లోపు స్థలం అసలు చూడవద్దు. ఇరవై నిమిషాలు సాగే పాటను 9:50కి మొదలుపెట్టకండి. పొడవు తెలియని పాటను మధ్యలో పెట్టి, పొడవు తెలిసినదాన్ని చివరికి ఉంచుకుంటే మీ చేతుల్లో ఉంటుంది.

వాద్యాల జాబితా కూడా రాసుకోండి. సోనిక్ యూత్ అనే అమెరికా రాక్ బృందం వాద్యాలున్న వాహనాన్ని 1999 జులైలో కాలిఫోర్నియాలో దొంగలు ఎత్తుకుపోయారు. ఆ గిటార్లలో చాలావాటిని వారు ఒక్కో పాటకు ఒక్కో శ్రుతిలో, తమ చేతులతో మార్చుకున్నారు. అలాంటివి దుకాణంలో దొరకవు. ప్రతి వాద్యానికీ ఫోటో, సీరియల్ నంబరు, శ్రుతి, పెడళ్ల వరుస, మీటలు ఎక్కడున్నాయో రాసి ఇంట్లో ఒక ప్రతి ఉంచండి. కచేరీ అయ్యాక అందరూ భోజనానికి వెళ్లి వ్యానును వదిలేయకుండా ఒకరిని కాపలా పెట్టండి.

ఇంటికి చేరాక చెవుల్లో కాసేపు గుయ్‌మనవచ్చు. మరుసటి రోజంతా హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి చెవులకు విశ్రాంతి ఇవ్వండి. ఆ మోత రోజు దాటినా తగ్గకపోతే చెవి వైద్యుడిని కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడటం మానేస్తే సర్దుకుంటుందిలే అని ఆగకుండా అదే రోజు వెళ్లండి, ఆ చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.