కంప్యూటర్ నేర్చుకుందాం – 4వ పాఠం: అంకెల్లా కనిపించేవన్నీ సంఖ్యలు కావు

గత పాఠంలో స్ప్రెడ్‌షీట్‌లోని రో (అడ్డ వరస), కాలమ్ (నిలువు వరస), సెల్ (ఒక్కో గడి) చూశాం. ఒక రోలో ఒకే మనిషి వివరాలు ఉండాలి, ఒక కాలమ్‌లో ఒకే రకం వివరం ఉండాలి అనుకున్నాం. ఈ పాఠమంతా ఆ రెండో మాట మీదే. డిగ్రీ ఫస్టియర్‌లో దీన్ని డేటా టైప్స్ అని చెప్పి, రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టించి ముందుకెళ్లిపోతుంటారు. నాకైతే కోర్సు మొత్తంలో నిదానంగా, చేత్తో చేసి నేర్చుకోవాల్సింది ఇదేననిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పు పైకి కనపడదు, లిస్టు చూడ్డానికి చక్కగానే ఉంటుంది, అవసరం పడ్డ రోజున తప్పు జవాబు చెబుతుంది.

ఉదాహరణకి రక్తదాతల లిస్టు తీసుకుందాం. వైజాగ్‌లో మద్దిలపాలెం దగ్గర ఒక కాలేజీ, అందులో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలు తయారుచేసిన లిస్టు అనుకోండి. రాత్రి పదకొండింటికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) నుంచి ఎవరో ఫోన్ చేసి "ఓ నెగెటివ్ కావాలి బాబూ, మీవాళ్లలో ఇప్పుడు ఇవ్వగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి రెండు నిమిషాల్లో సరైన జవాబు రావాలి. లిస్టు కట్టేది అందుకే, కాబట్టి ఏ సెల్‌లో ఏం పెట్టాలన్నా ఆ ఫోన్ కాల్‌నే మనసులో పెట్టుకోండి.

ఎక్సెల్ తెరవండి. లేకపోతే గూగుల్ షీట్స్ చాలు, డబ్బు పెట్టక్కర్లేని లిబ్రేఆఫీస్ కాల్క్ అయినా పర్లేదు. మొదటి రోలో వరసగా ఇవి టైప్ చేయండి: పేరు, బ్లడ్ గ్రూప్, ఫోన్, ఏరియా, పిన్‌కోడ్, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ. ఆధార్ నంబరు కాలమ్ పెట్టకండి. రక్తం ఇచ్చేవాళ్లని పిలవడానికి అది అవసరం లేదు, అవసరం లేని వివరం మన దగ్గర ఉంచుకోవడమే ప్రమాదం.

ఇప్పుడు ఫోన్ కాలమ్‌లో వైజాగ్ ఎస్‌టీడీ కోడ్ 0891 కొట్టి ఎంటర్ నొక్కండి. ముందున్న సున్నా పోయి 891 మిగిలింది కదా? దాని కింది సెల్‌లో ప్లస్ 91 పెట్టి ఏదైనా మొబైల్ నంబరు కొట్టండి. ప్లస్ గుర్తు ఎగిరిపోతుంది, ఎక్సెల్‌లో అయితే నంబరు బదులు మధ్యలో చుక్కతో నాలుగైదు అంకెలు, చివర ఇ ప్లస్ 11 అని కనపడే అవకాశం ఎక్కువ. పాడైందని టెన్షన్ పడకండి. మీరు కొట్టినదాన్ని సంఖ్య అనుకుని, లెక్కల మాస్టారు రాసినట్టు కుదించి చూపిస్తోంది, అంతే. ఈ పన్నెండు అంకెలూ లోపల భద్రంగానే ఉంటాయి. కానీ ఎక్సెల్ ఒక సంఖ్యలో పదిహేను అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారో అంకె నుంచి సున్నాలు వేసేస్తుంది, సేవ్ చేశాక ఆ అసలు అంకెలు తిరిగి రావు. పదహారు అంకెల కార్డు నంబర్లు ఇలాగే పాడవుతాయి.

దీనికి ఒక్క పరీక్ష చాలు. ఈ కాలమ్‌లో ఉన్నవాటిని కూడితేగానీ, సగటు తీస్తేగానీ ఏదైనా అర్థం వస్తుందా? బరువు కాలమ్ ఉంటే సగటు బరువు అనొచ్చు. ఎంవీపీ కాలనీ పిన్‌కోడ్ 530017, గాజువాకది 530026, రెండూ కలిపి సగం చేస్తే వచ్చేది ఏ ఊరూ కాదు. అర్థం రాకపోతే అది అంకెల్లో రాసిన పేరు అనుకోండి, దాన్ని టెక్స్ట్‌గా ఉంచాలి. ఫోన్, పిన్‌కోడ్, రైలు నంబరు, పీఎన్‌ఆర్, హాల్‌టికెట్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ ఈ కోవలోవే.

కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్‌లో జనరల్ అని ఉన్న చోట టెక్స్ట్ ఎంచుకోండి. ఇది నంబర్లు కొట్టకముందే చేయాలి. కొట్టాక మారిస్తే పోయిన సున్నా తనంతట తాను వెనక్కి రాదు, మళ్లీ మీరే కొట్టుకోవాలి.

ఇక తేదీలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

స్ప్రెడ్‌షీట్ లోపల తేదీ అంటే ఒక సంఖ్య. విండోస్ ఎక్సెల్‌లో 1900 జనవరి 1కి 1 ఇచ్చి అక్కణ్ణుంచి రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ వస్తారు. 2025 జూన్ 5 అంటే 45813. తేదీ ఉన్న సెల్‌ని జనరల్‌కి మార్చి చూడండి, మీ కళ్లముందే కనపడుతుంది. ఇలా సంఖ్యగా ఉండబట్టే ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేసి మధ్యలో ఎన్ని రోజులో చెప్పగలుగుతుంది. మనకి కావాల్సింది కూడా అదే, ఎందుకంటే మన దేశంలో రక్తం ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు గడవాలి.

చిక్కు ఎక్కడంటే, మనం రోజు ముందు రాస్తాం, అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. చాలా ల్యాబుల్లో కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికాదే ఉండిపోతుంది, ఎవరూ మార్చరు. అలాంటి సిస్టమ్‌లో ఒక అబ్బాయి జూన్ 5న రక్తం ఇచ్చాడని 05/06/2025 కొట్టారనుకోండి. అది మే 6 అని తీసుకుంటుంది. ఏ ఎర్రగీతా రాదు, ఏ హెచ్చరికా రాదు. ఆగస్టు 20న లిస్టు చూస్తే అసలు లెక్క 76 రోజులు, అంటే ఇంకా ఇవ్వకూడదు. కంప్యూటర్ మాత్రం 106 రోజులైంది, పిలవొచ్చు అంటుంది. ఆస్పత్రిలో రక్తం తీసుకునేముందు మళ్లీ అడుగుతారు, పరీక్షిస్తారు, అది వేరే సంగతి, కానీ అర్ధరాత్రి ఆ కుర్రాణ్ణి పెందుర్తి నుంచి పరుగులు పెట్టించి వెనక్కి పంపితే పోయిన గంట రోగిది.

అదే సిస్టమ్‌లో 25/06/2025 కొడితే ఇరవై ఐదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త టెక్స్ట్‌గా వదిలేస్తుంది, తర్వాత లెక్క చేయబోతే ఎర్రర్ చూపిస్తుంది. ఎర్రర్ రావడం నయం, కనీసం మనం వెతుకుతాం. నోరు మెదపకుండా మారిపోయే మొదటి రకం తప్పే అసలు భయపెట్టేది.

పట్టుకోవడానికి ఒక తేలికైన గుర్తుంది. మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే సంఖ్యలూ తేదీలూ సెల్‌లో కుడివైపుకి, టెక్స్ట్ ఎడమవైపుకి జరుగుతాయి. తేదీల కాలమ్‌ని పైనుంచి కిందికి చూడండి. కొన్ని కుడికి, కొన్ని ఎడమకి ఉంటే ఎడమవి మాత్రమే కాదు, కుడివైపు బుద్ధిగా కనపడుతున్నవి కూడా అనుమానించాల్సిందే. నా సలహా, సంవత్సరం ముందు పెట్టి 2025-06-05 అని కొట్టడం అలవాటు చేసుకోండి. అది ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ పద్ధతి, రీజియన్ ఏదున్నా దారి తప్పదు. గూగుల్ షీట్స్‌లో ఫైల్, సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేల్ ఇండియా అని పెట్టుకోండి.

తేదీలతో తిప్పలు పడింది మనమే కాదు. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 అని పేర్లుండేవి, ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 1 తేదీలుగా మార్చేసేది, పరిశోధన పత్రాల్లో కూడా ఆ తప్పులు అలాగే అచ్చయ్యాయి. చివరికి జన్యువులకి పేర్లు పెట్టే కమిటీయే దిగొచ్చి వాటిని మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చింది. 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఆ సంగతి రాశారు కూడా.

ఇప్పుడు రోజుల లెక్క. తేదీ ఎఫ్ కాలమ్‌లో ఉంది కదా, జీ2 సెల్‌లో ఈక్వల్ గుర్తు, టుడే, ఖాళీ బ్రాకెట్లు, మైనస్, ఎఫ్2 కొట్టండి. ఒక్కోసారి, పై ఉదాహరణలోలాగా 76 రావాల్సిన చోట, 76 బదులు 1900 మార్చి 16 అని కనపడుతుంది. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు, 76ని తేదీగా చూపిస్తోంది. ఫార్మాట్ నంబర్‌కి మార్చండి.

చివరిగా బ్లడ్ గ్రూప్. ఓ పాజిటివ్‌ని ఒకరు ఓ+ అంటారు, ఒకరు ఓ పాజ్ అంటారు, ఒకరు తొందరలో ఇంగ్లిషు అక్షరం బదులు సున్నా కొడతారు, ఎ గ్రూపువాళ్లు ల్యాబ్ రిపోర్టులో ఉన్నట్టే ఎ1+ అని రాస్తారు. చదివే మనిషికి అన్నీ అర్థమవుతాయి, కావాల్సిన రోలనే ఏరి చూపించే ఫిల్టర్ మాత్రం వాటిని వేరువేరు గ్రూపులుగా చూస్తుంది. అందుకే ఇక్కడ టైప్ చేయనివ్వకండి, ఎంచుకోనివ్వండి. డేటా ట్యాబ్‌లో డేటా వాలిడేషన్, అందులో లిస్ట్, సోర్స్ దగ్గర ఎనిమిది గ్రూపులూ కామాలతో ఇవ్వండి. ఏరియా కాలమ్‌కీ ఇదే పని చేయండి, లేకపోతే ఎంవీపీ, ఎంవీపీ కాలనీ, ఎం.వి.పి. అని మూడు ఊళ్లు తయారవుతాయి. వేరే చోటి నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే ఎక్సెల్‌లో ఈ కాపలా పనిచేయదు, అది గుర్తుంచుకోండి.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: ఊహించిన పేర్లతో ఇరవై మంది లిస్టు కట్టండి, తేదీలు కావాలనే కొన్ని రోజు ముందు, కొన్ని సంవత్సరం ముందు పెట్టి కొట్టండి, ఏవి ఎటు జరిగాయో చూసి సరిచేయండి. తర్వాత ఓ నెగెటివ్ అని ఫిల్టర్ పెట్టి, 120 రోజులు (లిస్టులో ఆడా మగా కాలమ్ లేదు కాబట్టి ఇద్దరికీ సరిపోయే గడువు) దాటినవాళ్లు ఎవరో తీయండి. ఆ పని చేస్తుంటే ఒక సందేహం వస్తుంది, ఒకే మనిషి నాలుగుసార్లు రక్తం ఇస్తే ఆ నాలుగు తేదీలూ ఎక్కడ రాయాలి అని. ఐదో పాఠంలో రెండో టేబుల్ కట్టేది అందుకే.