ఏఐతో చేసిన వర్క్‌షీట్ జిరాక్స్‌కి ఇచ్చే ముందు

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. వర్క్‌షీట్లకీ ప్రశ్నపత్రాలకీ చాట్‌జీపీటీ, జెమినీ వాడుతుంటాను. మొదట్లో నేనొక్కదాన్నే వాడేదాన్ని. ఇప్పుడు మా స్టాఫ్ రూమ్‌లో నలుగురం కలిసి చేస్తున్నాం. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఇద్దరు చాలు. ఆ రెండోవారు తెలుగు టీచర్ అయితే మరీ మంచిది. ఎందుకో చెబుతాను.

నీటి పొదుపు మీద వేమన పద్యం ఒకటి కావాలని అడిగాను, ప్రార్థనలో పిల్లలతో చదివిద్దామని. నాలుగు పాదాలు, చివర 'విశ్వదాభిరామ వినురవేమ'. నాకు ఏ అనుమానమూ రాలేదు. మా తెలుగు మేడమ్ పెన్సిల్ తీసుకుని గురులఘువులు గుర్తించారు. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. మకుటం తప్ప ఒక్క పాదమూ కుదరలేదు. "ఇది వేమన పద్యం కాదండీ, ఇప్పుడే అల్లింది" అన్నారు. ఆవిడ చూడకపోతే మూడువందల మంది పిల్లలు దాన్ని వేమన పద్యమనే నేర్చుకునేవాళ్లు.

నా సబ్జెక్టులోనూ ఇదే గొడవ. కిరణజన్య సంయోగక్రియ మీద ప్రశ్నలు అడిగితే 'కాంతి సంశ్లేషణ' అని రాసిచ్చింది. పరీక్షలో ఆ మాట చూస్తే పిల్లలకి ఎంత టెన్షన్! అందుకే ఇప్పుడు పాఠం పేజీ ఫొటో తీసి పెట్టి, "ఈ పేజీలో ఉన్న పారిభాషిక పదాలే వాడు, ఏడో తరగతి పిల్లలకి అర్థమయ్యే చిన్న వాక్యాలు రాయి" అని అడుగుతున్నాం. చాలా తేడా వస్తుంది. అయినా రెండో మనిషి చదవాల్సిందే.

స్టాఫ్ రూమ్ బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. ఏం అడిగాం, ఏం తప్పు ఇచ్చింది, ఎలా దిద్దాం అని మూడు గడులు గీస్తే సరిపోతుంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసేచోటికి, దాన్ని పట్టుకెళ్లి పది నిమిషాలు చదవండి. మీ తప్పు విన్నాక పక్క ఊరి టీచర్ తన తప్పు కూడా చెబుతారు. మాకు లెక్కల సార్లు ఇద్దరు అలాగే తోడయ్యారు.

పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు, ఫొటోలు మాత్రం ఏఐలో పెట్టకండి. 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. ఎవరి జవాబు గురించైనా అడగాల్సొస్తే 'విద్యార్థి 1' అని రాయండి. మార్కులు మాత్రం మనమే వేయాలి. తరగతి గదిలో ఇలాంటివి వాడటానికి కనీస వయసు 13 ఉండాలని యునెస్కో 2023లో చెప్పింది. అందుకే ఆరు, ఏడు తరగతుల పిల్లల చేతికి మేం ఇవ్వం.

తొమ్మిదో తరగతికి మాత్రం ఆ దొంగ పద్యాన్నే బోర్డు మీద రాసి, గణాలు కట్టమన్నాం. తెలుగు మేడమ్ ఒకవైపు, నేను ఒకవైపు నిలబడ్డాం. వెనక బెంచీ పిల్లాడొకడు రెండో పాదం దగ్గర లేచి, "మేడమ్, ఇక్కడ ఇంద్రగణం వచ్చింది" అన్నాడు.