చలికాలానికి ఇంటిని సిద్ధం చేసుకోవడం ఎలా?

నైరుతి రుతుపవనాలు తెలంగాణను వీడేది సాధారణంగా అక్టోబరు నడుమ, చలి ముదిరేది డిసెంబరులో. ఈ రెండింటి మధ్య దొరికే కొద్ది వారాలే ఇంటి మరమ్మతులకు ఏడాదిలో అన్నింటికంటే అనువైన కాలం. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోవడం మనకు కొత్త కాదు, వరంగల్, కరీంనగర్ వైపు కూడా తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. అయినా ఇక్కడి ఇండ్లకు చలి చేసే చెరుపు కంటే, నాలుగు నెలల వానకు గోడల్లో, కప్పులో చేరిన తేమ చేసే చెరుపే ఎక్కువ. ఆ తేమ పోకముందే చలికి భయపడి తలుపులు, కిటికీలు బిగిస్తే అది లోపలే చిక్కుకుని, సంక్రాంతి నాటికి గోడలకు బూజు, బట్టలకు ముక్కవాసన, పిల్లలకు దగ్గు మిగులుతాయి. అందుకే ముందు ఇల్లు ఆరాలి, ఆ తర్వాతే సందులు మూయాలి. కింద చెప్పిన పనుల వరుస అంతా దీన్ని బట్టి పెట్టిందే.

డాబా మీద పని

బతుకమ్మ, దసరా ముందు ఇల్లు దులిపేటప్పుడే డాబా ఎక్కి, వాన నీళ్లు దిగే పైపుల మూతుల్లో చేరిన వేపాకు, మట్టి, ప్లాస్టిక్ కవర్లు తీసేయాలి. వానలు వెళ్లిపోయాయి కదా అని ఈ పనిని వాయిదా వేయడం మంచిది కాదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు వరంగల్, హనుమకొండల్లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం డిసెంబరు దాకా ఉంటుంది కనుక, నీళ్లు పోయే దారిని దసరాకే శుభ్రం చేసి, పూతలు, రంగులు మాత్రం నవంబరులో ఎండ నిలకడగా కాసే వారం చూసుకుని మొదలుపెట్టాలి.

స్లాబు, పిట్టగోడ కలిసే మూలను జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే డాబా కారడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. ఆ మూలల్లో రావి, మర్రి మొలకలు కనిపిస్తే పైపైన తుంచి వదిలేయకూడదు. తుంచిన మొలక మళ్లీ చిగురించి, వేరు మరింత లోతుకు దిగి గచ్చును చీలుస్తుంది. వేరు చుట్టూ ఉన్న గచ్చును ఉలితో కొట్టి, వేరంతా లాగేసి, ఆ గుంతను వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపిన సిమెంటు, ఇసుక మిశ్రమంతో పూడ్చాలి. రావి మొక్కను పారేయడానికి మనసొప్పనివారు దాన్ని వేరుతో తీసి చెరువు గట్టున నాటవచ్చు.

బీటలున్న చోట వాటిని కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము దులిపి, అదే మిశ్రమంతో నింపి, కొన్ని రోజులు తడుపుతూ ఉంచి, పూర్తిగా ఆరాక వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి. ఈ పూత విషయంలో సమయం చూసుకోవాలి. నవంబరు ఉదయం స్లాబు మీద మంచు పడి ఉంటుంది, అది కంటికి కనిపించకపోయినా అరచేయి ఆనిస్తే చల్లగా, తడిగా తగులుతుంది. ఆ తడి మీద వేసిన పూత పట్టుకోదు, వేసవి ఎండకు పొరలుగా లేచిపోతుంది. కాబట్టి ఎండ బాగా ఎక్కాక మొదలుపెట్టి, సాయంత్రం మంచు దిగేలోపు ఆరేలా మధ్యాహ్నం మూడు గంటలకల్లా ముగించాలి. మొదటి పూత పొడవు వైపు వేస్తే, అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి.

గూనపెంకుటిండ్ల సంగతి వేరు. మన ఊళ్లలో కోతుల తాకిడికి పెంకులు జరిగిపోవడం, పగిలిపోవడం నిత్యం ఉన్నదే కనుక, పంట పనులు ముమ్మరం కాకముందే పెంకులు సర్దే మనిషిని పిలిపించుకోవాలి. కప్పు విప్పినప్పుడే వాసాలకు చెదలు పట్టాయా అని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ వాసాన్ని మార్చాల్సిందే. రేకుల ఇండ్లకు బోల్టుల కింద వాషర్లు ఎండిపోయాయేమో చూసి మార్చితే చాలు. సిమెంటు రేకులను కోయడం, గీకడం మాత్రం వద్దు, పాత రేకుల్లోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

గోడ ఆరిందా, లేదా?

రంగు వేయించడానికి తొందరపడే చోటే డబ్బు ఎక్కువగా వృథా అవుతుందని నా అభిప్రాయం. తడి గోడకు పుట్టీ పెట్టి పెయింటు వేస్తే, వచ్చే వానల నాటికి అది బొబ్బలెక్కి రాలుతుంది. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని మరక ఉన్న చోట పెట్టి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు ఉంచాలి. తీసి చూసినప్పుడు గోడను ఆనుకున్న వైపు నీటి బిందువులుంటే తేమ గోడలోంచే వస్తున్నట్టు, అంటే డాబా, పైపు, పునాది, వీటిలో ఎక్కడో ఊట ఉందన్నమాట. గది వైపు బిందువులుంటే గదిలోని గాలే తేమగా ఉన్నట్టు, అప్పుడు కావలసింది మేస్త్రీ కాదు, గాలీ వెలుతురూ.

గోడ అడుగున తెల్లగా పూసే ఉప్పును నీళ్లతో కడగకూడదు, ఆ నీళ్లలో కరిగి అది మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రుద్ది, రాలిన పొడిని ఎత్తి బయట పారేయాలి. పాత మట్టి గోడలకు, సున్నపు గోడలకు మళ్లీ సున్నమే వేయడం మేలు, ఎందుకంటే సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, ప్లాస్టిక్ పెయింటు లోపలే బంధిస్తుంది. బూజును బ్లీచింగ్ పౌడరు నీళ్లతో తుడిచేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, అందులో బాత్‌రూమ్ యాసిడ్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

నవంబరంతా పగటిపూట కిటికీలు బార్లా తెరవండి. బీరువాలను, మంచాలను గోడకు జానెడు దూరం జరిపితే వెనుక గాలి ఆడుతుంది.

తలుపులు, కిటికీలు

వానకాలంలో ఉబ్బి పట్టేసిన తలుపును అప్పుడే చిత్రిక పట్టించడం చాలామంది చేసే పొరపాటు. టేకైనా, మరే కర్రైనా పొడి గాలికి మళ్లీ కుంచించుకుపోతుంది, అప్పుడు తలుపుకూ ద్వారబంధానికీ మధ్య వేలు దూరేంత సందు మిగిలి చలిగాలంతా అక్కడినుంచే వస్తుంది. డిసెంబరు మొదటి వారం దాకా ఆగి, అప్పటికీ పట్టేస్తుంటేనే వడ్రంగిని పిలవాలి. మిగిలిన సందులకు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే స్పాంజి పట్టీలు అంటించవచ్చు, తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగిస్తే ఎలుకలకు, తేళ్లకు కూడా అడ్డుకట్ట పడుతుంది. వరికోతలయ్యాక పొలాల్లోని ఎలుకలు, వాటి వెంట పాములు ఇండ్ల వైపు వస్తాయి కనుక, ఊళ్లలో ఈ పట్టీ మరీ అవసరం. అయితే గది పైభాగంలోని వెంటిలేటర్‌ను మూయకూడదు.

కరెంటు, వేడినీళ్లు

నెలల తరబడి వాడని గీజరును ఒక్కసారిగా ఆన్ చేయకుండా, ముందు వేడినీళ్ల నల్లా తిప్పి నీళ్లు ధారగా వస్తున్నాయో లేదో చూడాలి. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, కనుక దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరిపడా మందం ఉన్న తీగ ఉండాలి. బోరు నీళ్లు వాడే ఇండ్లలో లోపలి కాయిల్‌కు సున్నపు పొర పేరుకుంటుంది, ఏటా ఒకసారి విప్పించి శుభ్రం చేయించాలి. వానలు పోయి నేల ఎండితే ఎర్తింగ్ బలహీనపడుతుంది, అందుకని ఎర్తింగ్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయించి, ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. వాటర్ హీటర్ రాడ్ వాడేవారు దాన్ని నీళ్లలో ముంచాకే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపి ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టాలి. ఇనుప బకెట్ వద్దు. వీలైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించుకోవడం మంచిది, షాక్ తగిలిన క్షణంలోనే అది కరెంటును ఆపుతుంది.

కూలర్‌లో నీళ్లు వంపేసి, గడ్డి తీసేసి, ఎండలో ఆరబెట్టి కప్పి పెట్టండి. అడుగున నాలుగు గ్లాసుల నీళ్లు మిగిలినా డెంగీ దోమకు చాలు.

పడకలు

గొంగళ్లు, రగ్గులు, బొంతలు ఒక్కరోజు కాదు, వరుసగా కొన్ని రోజులు మధ్యాహ్నపు ఎండలో రెండు వైపులా తిప్పి ఆరబెట్టి, బాగా దులపాలి. షాబాదు బండలు పరిచిన గదుల్లో చలి కాళ్ల నుంచే ఎక్కుతుంది కాబట్టి మంచం పక్కన మందపాటి నూలు తివాచీ ఏదైనా పరవాలి. ఇందుకు మన వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలను (దరీలను) మించినవి లేవు. ఈ వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నిప్పు విషయంలో

పత్తి ఏరాక ధర కోసం ఇంట్లోనే గదినిండా పోసి ఉంచే రైతు కుటుంబాలు మన దగ్గర వేలల్లో ఉన్నాయి. ఆ గదిలో ప్లగ్గులకు తగిలే దాకా పత్తి పోయకూడదు, దీపం, బీడీ, దోమల చక్రం ఆ దరిదాపుల్లో ఉండకూడదు, వాకిట్లో వేసే చలిమంట గాలివాటం చూసి దూరంగా వేసి, పడుకునే ముందు నీళ్లతో ఆర్పాలి.

బొగ్గుల కుంపటిని పడకగదిలో పెట్టి తలుపులు వేసుకోవడం ప్రాణాంతకం. బొగ్గు రాజుకుంటున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారు లేవకుండానే స్పృహ తప్పుతారు. గ్యాస్ గీజరును గాలి ఆడని బాత్‌రూమ్‌లో బిగించినా ఇదే ప్రమాదం, దాన్ని ఆరుబయట గోడకు పెట్టించి వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి. మంటో గీజరో నడుస్తుండగా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే, ముఖ్యంగా ఒకే గదిలోని ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా అనిపిస్తే, తలుపులు తెరిచి అందరినీ ఆరుబయటకు తీసుకొచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.